రస్కు వెళ్లిన దారి

జూలై 4

అత్తయ్యా,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నాలుగోవాడి సంగతే తెలియదు.

మన రస్కు నిన్న పొద్దున ఇంట్లోంచి వెళ్లిపోయాడు. కుళాయి బాగుచేయడానికి వచ్చినాయన సామాను సంచీ కోసం కిందికి దిగుతూ తలుపు ఊరికే దగ్గరగా వేసి వెళ్లాడు. రస్కుకి ఆ మాత్రం సందు చాలు కదా. అమ్మ వంటింట్లో కారే నీళ్ల కింద బకెట్లు మారుస్తోంది. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు. నేను జడ వేసుకుంటున్నాను. ముగ్గురం ఇంట్లో ఉండి ఒక్కళ్లమూ చూడలేదు. నాన్న సగం గడ్డంతోనే మూడంతస్తులూ దిగి వీధి చివరిదాకా పరిగెత్తాడు. కొత్త వీధిలో మమ్మల్ని అందరూ గుర్తుపట్టేశారు, అలా.

వాడు నీ దగ్గరికే వస్తున్నాడని నాకు గట్టి నమ్మకం. ఈ ఇంటికి మారినప్పటి నుంచీ వాడు తెల్లారగానే తలుపు కింది సందులో ముక్కు పెట్టి పడుకునేవాడు. అమ్మ ‘చల్లగాలి కోసంలే’ అనేది. గాలి కోసం అయితే కిటికీ ఉంది కదా అత్తయ్యా? నీ వీధిలో ఉన్న మన పాత ఇంటి మీద బెంగ. మా పంతులమ్మ ఈ వారం ‘వియోగం’ అనే మాట నేర్పింది. అప్పుడు పరీక్ష కోసం రాసుకున్నాను. ఇప్పుడు నాకే వచ్చింది.

ఇంకో సంగతి నీకు మాత్రమే చెప్తున్నాను. వాడు వెళ్లిన ముందురోజు నా నిఘంటువు అట్ట కొరికాడు. ‘పో, నీ మొహం నాకు చూపించకు’ అన్నాను. వాడు నిజంగానే చూపించడం మానేశాడు.

వంతెన దాటి పెద్ద రోడ్డు పట్టుకుంటే నేరుగా నీ ఇల్లే. నువ్వు అటునుంచి వెతుక్కుంటూ రా, మేం ఇటునుంచి వస్తాం. ఈ ‘అన్వేషణ’లో మధ్యలో ఎక్కడో దొరుకుతాడు.

నీ పిచ్చుక

*

జూలై 6

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. రస్కు మాత్రం అందలేదు. వీధి తలుపు తీసే పెట్టాను. దానివల్ల ఇప్పటిదాకా వచ్చినవాళ్లు: పక్కింటి పిల్లి, చీపుర్లు అమ్మే అతను, ఇల్లు తప్పి వచ్చిన ఎవరి చుట్టమో. ఆయన మంచినీళ్లు తాగి, ‘మీ ఇల్లు బాగుందండీ’ అని చెప్పి మరీ వెళ్లాడు.

నువ్వు దాన్ని అన్వేషణ అను, మా బేకరీలో వెతుకులాట అంటాం. ఏదైనా ఒకటే, చెయ్యాలి. కానీ బంగారం, నేను ఇప్పుడు రోడ్డు మీదికి రాలేను. ఇక్కడ కొంచెం వీలు కాకుండా ఉంది. నేను తోలే బ్రెడ్డు వ్యాను కూడా కొన్నాళ్లు వేరే అతను నడుపుతున్నాడు. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉన్నాను. పెద్ద రోడ్డు మీద దుకాణాల వాళ్లందరికీ కబురు పంపాను. గోధుమరంగు, ఎడమచెవి వాలిపోయి ఉంటుంది, పిలిస్తే తల ఒక పక్కకి వంచుతాడు అని చెప్పాను. ఒకాయన ‘మా మావయ్య అచ్చం అలాగే ఉంటాడు’ అన్నాడట. నవ్వకు. నాకూ నవ్వు రాలేదు.

నిఘంటువు సంగతి మర్చిపో. నేను వాడిని అంతకన్నా పెద్ద మాటలు ఎన్ని అన్లేదు! తిట్టు పట్టించుకునే రకమైతే నా వ్యానులో ఇన్నేళ్లు నా పక్కన కూర్చునేవాడా? నువ్వు బడికి వెళ్లాక వాడికి మాటలూ తిట్లూ అన్నీ నా దగ్గరే.

వేళకి తిను. వాడు తినే ఉంటాడు, వాడి సంగతి నాకు తెలుసు.

మీ అత్త

*

జూలై 8

అత్తయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుర్చీలో కూర్చుని వెతుకుతున్నావా? కిటికీలోంచి? నేను రోజూ బడి వదలగానే వంతెన దాకా నడిచి వెళ్లి వస్తున్నాను. నా చెప్పు కూడా తెగింది. నాన్న కొత్త ఉద్యోగంలో సెలవు అడగలేక సాయంత్రాలు తిరుగుతున్నాడు. నీకు ‘వీలు కాకుండా’ ఉందా?

వాడు నా కుక్క అయినా పగలంతా నీతోనే తిరిగేవాడు కదా. నీకూ బెంగ ఉంటుందనుకున్నాను.

ఒక కబురు. వంతెన అవతల బస్సుల గ్యారేజీ క్యాంటీన్ దగ్గర గోధుమరంగు కుక్క ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుందని బస్సు కండక్టరు చెప్పాడు. మేం వెళ్లేసరికి లేడు. క్యాంటీన్‌లో వండేవాళ్లు వాడు పడుకోవడానికి గోనెసంచి పరిచారట, వాన పడుతుంటే దాన్ని లోపలికి లాగారట. వాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ముక్కూమొహం తెలియనివాళ్లు అంత చేశారు.

ఇంతే సంగతులు.

మీ మేనకోడలు

*

జూలై 10

మా కోపాల పిచ్చుకకి,

‘మీ మేనకోడలు’ అట! కిందటి ఉత్తరందాకా ‘నీ పిచ్చుక’వి. సంతకంతో కూడా కొట్టొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

తప్పు నాదే, దాచాను. విను. నా కాలు విరిగింది. మీరు ఇల్లు మారిన వారానికి వ్యాను మెట్టు దిగుతూ జారాను. రెండు చేతులా బన్నుల ట్రే ఉంది. ఎముక పట్టుకోవాలా, ట్రే పట్టుకోవాలా అంటే మన చేతులు మన మాట వింటాయా? ట్రే పట్టుకున్నాయి. ఒక్క బన్ను కింద పడలేదు. యజమాని వచ్చి ముందు ట్రే చూసి, తర్వాత నన్ను చూశాడు. ఆ తర్వాత పాపం తనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు, కట్టు వేసేదాకా కూర్చున్నాడు. అందుకని ఆ మొదటి చూపు క్షమించేశాను.

మీ నాన్నకి చెప్తే కొత్త ఉద్యోగం గాలికొదిలేసి పరిగెత్తుకొస్తాడని చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ వాడంతే, నాకు ముల్లు గుచ్చుకుంటే వాడు ఏడ్చేవాడు. ఇప్పుడు నువ్వు చెప్పెయ్యి. కానీ రావద్దను. పక్కింటావిడ రెండు పూటలా భోజనం తెస్తోంది. నేను ఎంత బాగా తింటే కాలు అంత తొందరగా అతుక్కుంటుందని ఆవిడ నమ్మకం. కాలు సంగతేమో గానీ నేను మాత్రం లావవుతున్నాను.

కాబట్టి తల్లీ, కిటికీలోంచి వెతకడం సరదా కాదు. రోడ్డు మీద ఎక్కడ కుక్క మొరిగినా లేవబోయి, కాలు గుర్తొచ్చి మళ్లీ కూర్చుంటున్నాను. నాకు బెంగ లేదా? వాడు నా చెవులే.

నీ చెప్పు కొత్తది కొనుక్కో.

మీ అత్త (నాకు వేరే సంతకం లేదు, ఉన్నదే పెడుతున్నాను)

*

జూలై 12

నా మంచి అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి నేను బల్లకింద దూరి ఏడ్చాను. బల్లకింద ఎందుకంటే అక్కడ రస్కు వాసన ఇంకా ఉంది. నన్ను క్షమించు. నీ ఉత్తరంలో కోపం ఎక్కడైనా ఉందేమో అని వెతికాను. లేదు. ‘ఔదార్యం’ అంటే ఏమిటో నిఘంటువులో రెండు వరుసల్లో ఉంది. నాకు ఆ రెండు వరుసలూ ఇప్పుడు అక్కర్లేదు.

నాన్న నిజంగానే చొక్కా తొడుక్కుని బయల్దేరబోయాడు. ‘మా అక్క కాలు విరిగితే నాకు చెప్పదా! ఆవిడ ఎప్పుడూ ఇంతే!’ అని అరుస్తూ గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. అమ్మ ‘ముందు గుండీలు సరిగ్గా పెట్టుకోండి. మీ అక్క మిమ్మల్ని ఇలా చూస్తే రెండో కాలు కూడా విరగ్గొట్టుకుంటుంది’ అంది. ఆదివారం అందరం వస్తున్నాం.

ఇప్పుడు రస్కు సంగతి. అత్తయ్యా, వాడికి మతి పోయినట్టుంది. గ్యారేజీ దగ్గరినుంచి నీ ఇంటికి రావాలంటే పెద్ద రోడ్డు మీద సూటిగా నడిస్తే చాలు. వాడు అలా రావడం లేదు. గ్యారేజీ నుంచి ఊరికి అటు చివర ఉన్న ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ వంటగది తలుపు దగ్గర కూర్చున్నాడు. అక్కడినుంచి మళ్లీ వెనక్కి, గ్యారేజీ దాపుల్లో పోస్టాఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వచ్చాడు. ముందుకి రెండడుగులు, వెనక్కి మూడడుగులు. ఇల్లు ఎటో వాడికి తెలియడం లేదు.

అంతకంటే కష్టమైనది చెప్పాలి. ఆసుపత్రి దగ్గర నాన్న వాడిని చూశాడు. చూశాడు అంటే దగ్గరికెళ్లి ముట్టుకున్నాడు కూడా! వాడి కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే వంటగదిలో పనిచేసే ఆవిడ తీసి, శుభ్రం చేసి, కట్టు కట్టిందట. రోగులకి కట్టినట్టే ఎంతో నీటుగా ఉందట ఆ కట్టు. నాన్నని చూసి రస్కు తోక ఊపాడు, చెయ్యి నాకాడు. తర్వాత వెళ్లి మళ్లీ తలుపు ముందు కూర్చున్నాడు. నాన్న ‘రారా, ఇంటికి పోదాం’ అన్నా కదలకపోతే ఎత్తుకోబోయాడు. ఇంతలో బేకరీ వ్యాను వచ్చింది, వంటగది లోపలినుంచి ఎవరో ఏదో కేకేశారు. అంతే, రస్కు ఒక్కసారి మొరిగి, నాన్న చేతుల్లోంచి జారి పరుగు. సందు తిరిగేసరికి మాయం.

నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పాడు. తర్వాత ‘వాడికి మనం అక్కర్లేదేమోనే’ అన్నాడు. నేను అదే అనుకుంటున్నానని తనకి చెప్పలేదు.

టీ కొట్టాయన వాడికి పగిలిన సాసరులో నీళ్లు పోసి, రోజంతా దాన్ని ఖాళీ కానివ్వలేదట. అందరూ వాడికి ఎంతో చేస్తున్నారు. వాళ్లందరికీ నా కృతజ్ఞతలు. వాడు మాత్రం మా దగ్గరికి రావడం లేదు.

నీ పిచ్చుక

*

జూలై 14

ఓసి నా పిచ్చి పిచ్చుకా!

ఇప్పుడే పక్కింటావిడ నా కేకకి హడలిపోయి పరిగెత్తుకొచ్చింది. కాలు మళ్లీ విరిగిందనుకుందట. నీ ఉత్తరం చదివి కేక పెట్టాను. ఆదివారందాకా ఆగకండి. ఈ ఉత్తరం అందిన మరుక్షణం బయల్దేరండి.

వాడికి మతి పోలేదు. మన ముగ్గురికే పోయింది, వాడి కోసం ఇళ్ల దారిలో వెతుకుతున్నాం. గ్యారేజీ, ఆసుపత్రి, టీ కొట్టు. ఏమిటే ఆ దారి? నా రౌండే కదా! నేను రోజూ వ్యాను తోలిన దారి! బ్రెడ్డు దగ్గరా దూరమా అని చూడదమ్మా, ఎవరు ముందు తలుపు తీస్తే ముందు వాళ్ల దగ్గరికి వెళ్తుంది. గ్యారేజీ వాళ్లు అందరికన్నా ముందు లేస్తారు. తర్వాత ఆసుపత్రి. టీ కొట్టాయన పక్కనే ఉన్నా బద్ధకిష్టి, ఆలస్యంగా తీస్తాడు, అందుకని వెనక్కి రావాలి. కాగితం మీద గీస్తే పిల్లి ఆడిన దారపుండలా ఉంటుంది. రస్కుకి మన ఇంటికి వచ్చే దారి అదొక్కటే తెలుసు. వాడు ఎప్పుడైనా పెద్ద రోడ్డు మీద నడిచాడా? వంతెన దాటగానే తెలిసిన చోటు గ్యారేజీ కనపడింది, అక్కడినుంచి రౌండు మొదలెట్టాడు.

ఇక మీ నాన్నని కాదని పరిగెత్తడం. వాడు డ్యూటీలో ఉన్నాడే! మా బేకరీలో ఒక పద్ధతుంది. గుమ్మం ముందు ట్రే పెట్టి, దాని అంచు మీద రెండుసార్లు కొట్టాలి. లోపలివాళ్లు వచ్చి ట్రే తీసుకుని ‘అందింది!’ అని కేకెయ్యాలి. ఆ కేక వినపడందే వ్యాను కదలకూడదు. ఒకసారి నేను ట్రే పెట్టి వెళ్లిపోతే బన్నులన్నీ కాకులు తినేశాయి, అప్పటినుంచి యజమాని పెట్టిన రూలు. ఇంజను మోతలో నాకు కేక వినపడదు. రస్కుకి వినపడుతుంది. విని ఒక్కసారి మొరుగుతాడు, నేను గేరు వేస్తాను. అందుకే వాడు నా చెవులు అన్నాను. ఇప్పుడు వాడు ప్రతి గుమ్మం దగ్గరా కూర్చుని, బ్రెడ్డు అందేదాకా ఉండి, మొరిగి, తర్వాతి చోటికి వెళ్తున్నాడు. ఆ కొత్త డ్రైవరు తన వీలుని బట్టి వేరే వరసలో వెళ్తాడు కాబట్టి రస్కు ఒక్కో చోట అంతసేపు కూర్చోవాల్సి వస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. టీ కొట్టు తర్వాత సినిమా హాలు. వెనక సందులో క్యాంటీన్ గేటు. ఆ హాలు మరమ్మతులకి మూసేశారు, వ్యాను అక్కడ ఆగడం లేదు. అంటే అక్కడ వాడికి ‘అందింది’ అనేవాళ్లు లేరు. ఎన్నాళ్లైనా కూర్చుంటాడు తల్లీ. ఎవరూ లేని సందది, తిండి పెట్టేవాళ్లు కూడా ఉండరు.

పిలవకు. ఎత్తుకోకు. పట్టుకుంటే జారిపోయి మళ్లీ అక్కడే కూర్చుంటాడు. బేకరీకి కబురు పంపాను, డ్రైవరు వ్యాను తెస్తాడు. ఆయన ట్రే పెట్టి కొట్టాలి. నువ్వు గేటు లోపలినుంచి వచ్చి అందుకోవాలి. గట్టిగా కేకెయ్యి. పద్యాలు అప్పజెప్పే గొంతు వద్దు, బన్నులు తీసుకునే గొంతు కావాలి.

త్వరగా వెళ్లండి.

మీ అత్త

*

జూలై 17

అత్తయ్యా,

మొన్న బేకరీ గుమ్మంలో కుర్చీ వేసుకుని నువ్వు, వ్యాను దిగి నేను, ఇద్దరం ఒకేసారి మాట్లాడేసి ఒక్క ముక్క కూడా చెప్పుకోలేదు. అందుకని మొదటినుంచి రాస్తున్నాను.

మీ కొత్త డ్రైవరుగారు ఇంతకు ముందు అంబులెన్సు తోలేవారట కదా. సందు మలుపుల్లో నాన్న రెండు చేతులతో సీటు పట్టుకుని ‘మనం బ్రెడ్డు తీసుకెళ్తున్నామండీ, రోగిని కాదు’ అన్నాడు. ఆయన ‘అలవాటండీ’ అన్నారు. రస్కు గురించి చెప్తే ఆయన వ్యాను ఆపేసి మరీ నుదురు కొట్టుకున్నారు. ‘ప్రతి కొట్టు ముందూ ఒక గోధుమరంగు కుక్క కూర్చునుంటే, ఈ ఊళ్లో బ్రెడ్డు కొనేవాళ్లందరూ ఒకే రకం కుక్కని పెంచుతారేమో అనుకున్నానమ్మా! ఆసుపత్రి కుక్కకీ టీ కొట్టు కుక్కకీ కాలికి ఒకే కట్టు ఉంటే, అదేదో అంటురోగం అనుకున్నా!’

హాలు కాపలాదారు నన్ను ముందు తలుపులోంచి లోపలికి తీసుకెళ్లాడు. కుర్చీలన్నిటికీ గుడ్డలు కప్పి ఉంచారు. సిమెంటు బస్తాల మధ్యనుంచి వెనక గేటు దాకా వెళ్లి కమ్మీల్లోంచి చూశాను. ఉన్నాడు, అత్తయ్యా. చిక్కిపోయాడు. కట్టు మట్టి కొట్టుకుపోయింది. గేటుకి ఎదురుగా, బొమ్మలా కూర్చుని ఉన్నాడు. నా వాసన తగిలి తోక నేల మీద ఒకసారి కొట్టాడు. కానీ కళ్లు గేటు మీదనుంచి తిప్పలేదు. నువ్వు రాయకపోతే నేను అక్కడే గేటు దూకి వాడిని ఎత్తుకునేదాన్ని. నీ మాటలు తలుచుకుంటూ గడియ పట్టుకుని నిలబడ్డాను.

డ్రైవరుగారు ట్రే పెట్టారు. రెండుసార్లు కొట్టారు. నేను గేటు తీసుకుని బయటికి వచ్చి ట్రే ఎత్తాను. అంత బరువుంటుందని నాకు తెలియదు. కేకెయ్యాలి. నోరు తెరిచాను. ఈ నెలలో ఎన్ని కొత్త మాటలు నేర్చుకున్నాను! కావలసిన ఒక్క మాట రాలేదు. రస్కు నన్నే చూస్తున్నాడు. తల ఒక పక్కకి వంచాడు. నాన్న సందు చివరినుంచి ‘అనవే తల్లీ!’ అన్నాడు.

‘అందింది!’ అన్నాను. హాలు గోడలు కూడా అన్నాయి.

వాడు ఒక్కసారి మొరిగాడు. బొంగురుపోయింది గొంతు, అయినా పూర్తి మొరుగే. తర్వాత లేచి నిలబడి, తర్వాతి చోటికి పరిగెత్తబోయి, ఆగాడు. వ్యాను తలుపు తీసి ఉంది. డ్రైవరుగారిని చూసి ఎక్కలేదు. అప్పుడు నేను ట్రే లోపల పెట్టి, ఎక్కి, నువ్వు తోలేటప్పుడు వాడు కూర్చునే పక్క సీట్లో కూర్చున్నాను. వాడు నా ఒళ్లో పడ్డాడు. నా మొహం, చెవులు, జడ అన్నీ నాకాడు, నిఘంటువు తప్ప.

వాడికి నేను అక్కర్లేదని ఎలా అనుకున్నాను అత్తయ్యా?

మిగిలిన రౌండంతా వాడే నడిపించాడు. ట్రేలన్నీ ఖాళీ అయ్యాక డ్రైవరుగారు తనంత తనే వ్యాను వెనక్కి తిప్పి, గ్యారేజీకీ ఆసుపత్రికీ టీ కొట్టుకీ తీసుకెళ్లారు. గోనెసంచి పరిచిన వంటాయన నా దండం చూసి సిగ్గుపడి గరిటె వెనక మొహం దాచుకున్నాడు. కట్టు కట్టినావిడ ‘ముందు కట్టు మార్చనివ్వండి, థాంక్సులు తర్వాత’ అంది. టీ కొట్టాయన సాసరు తీసి, ‘ఇది వాడిదే, తీసుకెళ్లండి’ అన్నాడు. నేను కాగితం మీద రాసుకెళ్లిన పెద్ద మాటలన్నీ జేబులోనే ఉండిపోయాయి. మూడు చోట్లా ‘చాలా మేలు చేశారు’ అన్నాను, అంతే.

వాడిని నీ మంచం దగ్గర వదిలి వచ్చినందుకు నువ్వు ఏమీ అనుకోకు. నువ్వు ఒక్కదానివే ఉన్నావు. వాడు నీ కట్టు వాసన చూసి, నీ కాలి పక్కనే పడుకున్నాడు. ఇద్దరికీ కాలికి కట్టే. విడదీయడం నాకు చేతకాలేదు.

నీ పిచ్చుక

*

జూలై 22

పిచ్చుకా,

బస్సు కిటికీలోంచి నువ్వు నవ్వుతూ చెయ్యి ఊపావు. ఆ నవ్వు చూసి పక్కింటావిడ కూడా కళ్లు తుడుచుకుంది. నాకు వాడిని ఇచ్చేసి వెళ్లావని తెలుసు. అంత పెద్ద వస్తువు నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. కానీ ఉంచుకోలేను. కారణం చెప్తాను, నొచ్చుకోకు.

వాడు తింటున్నాడు, కట్టు విప్పేశారు, కాలు బాగుంది. రోజూ పొద్దున డ్రైవరుతో వ్యాను ఎక్కుతున్నాడు. ఆయన ఇప్పుడు నా వరసలోనే వెళ్తున్నాడు, ‘రస్కుగారు ఒప్పుకోవడం లేదమ్మా, మలుపు తప్పితే నా చెయ్యి పట్టుకుంటున్నారు’ అంటూ. ఆ అంబులెన్సు తోలుడు కూడా తగ్గింది. ఇదంతా బాగానే ఉంది. బేకరీకి తిరిగి వచ్చాకే వాడికి ఏమీ తోచడం లేదు. వ్యాను దిగడు. పిలిస్తే దిగుతాడు, మళ్లీ ఎక్కి కూర్చుంటాడు. ఆ మొదటి రాత్రి నా కాలి పక్కన పడుకున్నాడంతే, ఇప్పుడు ఇంటికి తీసుకొచ్చినా గుమ్మంలో నిలబడే ఉంటాడు. పడుకోడు.

నాకు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. నేను నడిపినప్పుడు రౌండు బేకరీలో అయిపోయేది కాదే. వ్యాను మన వీధికి తెచ్చేదాన్ని. నువ్వు బడినుంచి వచ్చి, మిగిలిన బ్రెడ్డు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లేదానివి. వాడి లెక్కలో ఆఖరి చోటు నువ్వు. నువ్వు తీసుకుంటే గానీ పని అవ్వదు. ఇన్నాళ్లూ నేను వాడు నాకోసం వస్తున్నాడనుకున్నాను, నువ్వు నీ మీద అలిగి వెళ్లాడనుకున్నావు. వాడు రౌండు పూర్తిచేసుకుని నీ దగ్గరికే రావాలనుకున్నాడు. నీ ఇంట్లోంచి బయల్దేరి నీ దగ్గరికే! మనుషులైతే ఇంత తిరుగుడు తిరగరు.

అందుకని యజమానితో మాట్లాడాను. విరిగిన కాలు బల్లమీద పెట్టుకుని మాట్లాడితే ఎవరూ కాదనరు, నేర్చుకో. మీ వీధి మొదట్లో కిరాణా కొట్టాయన మన బ్రెడ్డు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. రేపటినుంచి ఆఖరి చోటు అదే. డ్రైవరు ఇల్లు కూడా వంతెన అవతల మీ వైపే. ఇకనుంచి వ్యాను ఆయన దగ్గరే ఉంటుంది. పొద్దున వస్తూ వాడిని ఎక్కించుకుంటాడు, లోడింగుకి బేకరీకి తెస్తాడు, నేను అక్కడ గుమ్మంలో కూర్చుని నాలుగు తిట్లు తిట్టుకుంటాను, సాయంత్రానికి నీ దగ్గర దింపుతాడు. నా కాలు ఎప్పుడు బాగైతే అప్పుడు చూద్దాం.

కిరాణా ఆయనకి చెప్పాను, ట్రే తను తీసుకోకూడదు, నువ్వు వచ్చేదాకా ఆగాలి అని. ‘ఇదెక్కడి రూలండీ’ అన్నాడు. ‘ఉంది లెండి’ అన్నాను.

ఇంతమంది చేతుల మీదుగా వాడు మనకి దక్కాడు. అప్పుడప్పుడు రాత్రి వాళ్లని ఒక్కొక్కరినీ తలుచుకుని పడుకుంటున్నాను. నిద్ర బాగా పడుతోంది.

మీ అత్త

*

జూలై 24

అత్తయ్యా,

నిన్న బడినుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి కొట్టు ముందు జనం. నాన్న ఆఫీసునుంచి ముందే వచ్చేశాడు. అమ్మ చేతికి పిండి అంటుకునే ఉంది. కుళాయి బాగుచేసినాయన కూడా వచ్చి, ‘ఆ రోజు తలుపు సరిగ్గా వేయనిది నేనేనమ్మా, ఇన్నాళ్లూ ఈ వీధిలోకి రావడానికి మొహం చెల్లలేదు’ అన్నాడు. నాన్న ఆయనకి టీ ఇప్పించాడు. మీరు ఆ తలుపు గట్టిగా వేసి ఉంటే మాకు ఇంతమంది తెలిసేవాళ్లు కాదండీ అని నేను అన్నాను. ఆయన టీ ఊదుకుంటూ నిలబడ్డాడు.

వ్యాను నెమ్మదిగా వచ్చింది. అంత నెమ్మదిగా రావడం డ్రైవరుగారికి ఎంత కష్టమో మొహంలోనే తెలుస్తోంది. రస్కు ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. నన్ను చూశాడు. తోక ఊపలేదు. డ్రైవరుగారు దిగి ట్రే పెట్టి కొట్టారు. ఈసారి నాకు గొంతు బాగానే వచ్చింది. వాడు మొరిగాడు. ఆయన ఎక్కి, ఇంజను వేసి, వాడి వైపు చూశారు.

వాడు సీటు దిగాడు. మెట్టు దిగాడు. వచ్చి నా పాదం మీద కూర్చున్నాడు.

డ్రైవరుగారు తలుపు తీసే ఉంచి కొంచెంసేపు ఆగారు. రస్కు ఆయన్ని చూసి ఎటూ కదల్లేదు. ‘ఇక నేను వెళ్లొచ్చన్నమాట’ అని ఆయన వ్యాను తిప్పుకుని వెళ్లిపోయారు. మలుపు తిరిగాక ఒక్కసారి అంబులెన్సులా హారను కొట్టారు. ఆపుకోలేకపోయినట్టున్నారు.

పైకి వచ్చాం. మూడంతస్తులూ వాడే ముందు ఎక్కాడు. ఇంట్లోకి రాగానే ఒళ్లంతా సాగదీసి, నోరు ఎంత పెద్దదుందో అంతా చూపిస్తూ ఆవలించి, గది మధ్యలో ధబ్బున పడుకున్నాడు. ఈ ఇంట్లో వాడు అలా నడిమధ్యలో పడుకోవడం ఇదే మొదలు. నేను, అమ్మ, నాన్న చుట్టూ నిలబడి చూస్తున్నాం. నిమిషంలో గురక మొదలైంది.

నాన్న వేలు నోటిమీద పెట్టుకుని మెల్లగా అన్నాడు. ‘ష్. డ్యూటీ దిగాడు.’

ఎంతో ప్రేమతో,
నీ పిచ్చుక